విదేశీ విద్య: మనకు మిగిలేదేమిటి?

విదేశాలలో చదువుకొని వచ్చిన వారిని మన సమాజం సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతుంది. ఏ పట్టా తెచ్చావు? జీతం ఎంత వస్తుంది? ఈ ప్రశ్నలు అనవసరమైనవని నేననను. కుమారుని చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రికి, కుమార్తె ప్రయాణం కోసం నగలు అమ్మిన తల్లికి వాటిని అడిగే హక్కు నిశ్చయంగా ఉన్నది. కాని అడగవలసిన మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడిగేవారు అరుదు. "అక్కడ నీకు ఎక్కువగా నచ్చిన తరగతి ఏది? అది ఎందుకు నచ్చింది?" అన్నదే ఆ ప్రశ్న. విదేశీ విద్య సార్థకమైనదా, కాలేదా అన్న విషయం మొదటి రెండు ప్రశ్నల సమాధానాల కంటె ఈ మూడవ దాని సమాధానంలోనే స్పష్టంగా తెలుస్తుందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కార్యవర్గ సభ్యులైన పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చర్చకు ఇది తగిన కాలం. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికా దేశపు విద్యాసంస్థలలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ సంవత్సరం చైనాను మించి మన దేశం ప్రథమ స్థానంలో నిలిచింది. అందులో తెలుగువారి పాలు స్వల్పమైనది కాదని మన వీధులలోని ఏ ఇంటి తలుపు తట్టినా తెలుస్తుంది. మైనారిటీ వర్గాల విద్యార్థుల విదేశీ విద్య కోసం తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రత్యేకంగా ఉపకార వేతన పథకాన్ని ప్రవేశపెట్టింది. అనగా ఒకప్పుడు సంస్థానాధీశుల దయ వలన ఏ ఒకరిద్దరికో లభించిన అవకాశం నేడు సామాన్య కుటుంబాల గడప దాకా వచ్చింది. వచ్చిన అవకాశాన్ని ఎట్లు వినియోగించుకోవాలో ఆలోచించుకోవలసిన బాధ్యత కూడా దానితో పాటు వచ్చింది.

ఇందుకు మనకు ముందు నడచిన వారి విద్యార్థి జీవితాలను పరిశీలించడం మేలు. వారు గొప్పవారైన తరువాత చేసిన పనులను మనం పాఠ్యపుస్తకాలలో చదువుకుంటాము. పరాయి దేశంలో చేతిలో చాలినంత డబ్బు లేక, చలికి వణుకుతూ, అలవాటు లేని భాషలో ఉపన్యాసాలు వ్రాసుకున్న రోజులను గురించి మాత్రం అంతగా చదువుకోము. నిజానికి విద్యార్థులకు పనికివచ్చే భాగం అదే.

మొదట మన నగరపు ఆడపడుచునే చెప్పుకుందాము. శ్రీమతి సరోజినీ నాయుడు 1879లో హైదరాబాదులో జన్మించారు. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు తరువాతి కాలంలో నిజాం కళాశాలగా మారిన హైదరాబాదు కళాశాలకు ప్రధానాచార్యులు. 1895లో నిజాం ప్రభువు ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఆమె ఇంగ్లండుకు వెళ్ళారు. లండన్‌లోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలోను చదివారు. 1898లో తిరిగి వచ్చారు. పట్టా మాత్రం తీసుకొని రాలేదు. మన మొదటి ప్రశ్న ప్రకారం ఆమె విదేశీ విద్య విఫలమైనట్లే. కాని ఆ మూడేళ్ళలో ఆమెకు దొరికినది మరొకటి ఉన్నది. ఎడ్మండ్ గాస్ అనే ఆంగ్ల విమర్శకుడు ఆమె పద్యాలు చదివి, ఇంగ్లండు పిట్టలను, ఇంగ్లండు పూలను వర్ణించడం మానుకొని తన దేశపు మట్టిని, మనుషులను గురించి వ్రాయమని హితవు చెప్పాడు. ఆ ఒక్క హితవు ఆమె కవిత్వాన్ని మార్చింది. 1905లో లండన్‌లో వెలువడిన ఆమె మొదటి ప్రసిద్ధ సంపుటిలో మన పల్లకీ బోయీలు ఉన్నారనీ, మన నేల వాసన నిండుగా ఉన్నదనీ పాఠకులెవరైనా గ్రహించగలరు. స్వదేశాన్ని చూడడం ఆమె పరదేశంలో నేర్చుకున్నారు.

రెండవ ఉదాహరణ డాక్టర్ భీమరావ్ అంబేద్కర్ గారిది. ఈ ఉదాహరణ వద్ద కొంతసేపు ఆగవలసి ఉన్నది. ఎందుకనగా ఒక విదేశ విద్యార్థి ఏ తరగతులకు వెళ్ళాడో, ఏవి అతనిని తీర్చిదిద్దాయో ఇంత స్పష్టంగా తెలిసిన సందర్భాలు మన దేశ చరిత్రలో తక్కువ.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టభద్రుడైన అంబేద్కర్ 1913 జులైలో న్యూయార్క్ చేరారు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళ పాటు వేతనం మంజూరు చేశారు. చదువు ముగించిన తరువాత పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది షరతు. ఆ స్వల్ప మొత్తంలోనే కొంత మిగిల్చి ఇంటికి పంపవలసి ఉండేది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన ప్రధాన విషయం అర్థశాస్త్రం. అయితే ఆయన అర్థశాస్త్రంతో తృప్తి పడలేదు. ఆ మూడేళ్ళలో ఆయన నమోదు చేసుకున్న తరగతుల లెక్క చూడండి: అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్త్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3, ఇవి కాక ప్రాథమిక ఫ్రెంచి ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి. మొత్తం 60. అందులో సగానికి కొంచెం తక్కువ మాత్రమే తన సొంత శాస్త్రం. మిగిలినదంతా ఇరుగుపొరుగు శాస్త్రాల నుండి తెచ్చుకున్నది.

ఆయనకు నచ్చిన తరగతులేవో ఊహించనవసరం లేదు. 1930లో కొలంబియా పూర్వ విద్యార్థుల పత్రికలో ఆయన స్వయంగా నలుగురు ఆచార్యులను పేర్కొని, వారినీ, తన సహాధ్యాయులు కొందరినీ జీవితంలో తనకు లభించిన ఉత్తమ మిత్రులుగా చెప్పుకున్నారు. ఆ నలుగురు జాన్ డ్యూయీ, జేమ్స్ షాట్‌వెల్, ఎడ్విన్ సెలిగ్మన్, జేమ్స్ హార్వీ రాబిన్సన్. వీరిలో అర్థశాస్త్ర ఆచార్యుడు సెలిగ్మన్ ఒక్కడే అన్న విషయం గమనించదగినది. డ్యూయీ తత్త్వవేత్త. రాబిన్సన్, షాట్‌వెల్ చరిత్రకారులు. చరిత్రమనగా రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు మాత్రమే కాదనీ, సామాన్య జనుల బ్రతుకులు, భావాల మార్పులు కూడా చరిత్రమేననీ రాబిన్సన్ బోధించేవాడు. చరిత్ర గ్రంథాలలో చోటు దక్కని జనసమూహం నుండి వచ్చిన విద్యార్థికి ఆ తరగతి ఎట్టి ఊరటనిచ్చి ఉంటుందో మనం గ్రహించవచ్చు.

సెలిగ్మన్ ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలలో, పన్నుల శాస్త్రంలో పండితుడు. పరిశోధనకు ఏ పద్ధతి అనుసరించాలని అంబేద్కర్ అడిగినప్పుడు, పనిని శ్రద్ధగా చేస్తూ పోతే పద్ధతి దానంతట అదే ఏర్పడుతుందని ఆయన సమాధానమిచ్చినట్లు జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఈ మాట నేటి విద్యార్థులకు కొంత విచిత్రంగా తోచవచ్చు. మనం ప్రశ్న అడిగిన వెంటనే గురువు నుండి నోట్సు ఆశించే అలవాటులో ఉన్నాము. సెలిగ్మన్ నోట్సు ఇవ్వలేదు, విశ్వాసం ఇచ్చాడు. రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థను గురించి అంబేద్కర్ వ్రాసిన పరిశోధన గ్రంథం 1925లో అచ్చైనప్పుడు దానికి పీఠిక వ్రాసినవాడు కూడా ఆ సెలిగ్మనే.

ఇక డ్యూయీ తరగతి. ప్రజాస్వామ్యమనేది ఎన్నికలతో, శాసనసభలతో ముగిసిపోయే వ్యవహారం కాదనీ, మనుషులు ఒకరి అనుభవాన్ని మరొకరు పంచుకుంటూ కలిసి బ్రతికే తీరే ప్రజాస్వామ్యమనీ డ్యూయీ భావన. ఇరవై సంవత్సరాల తరువాత, 1936లో, కులనిర్మూలనను గురించి తాను వ్రాసిన ప్రసిద్ధ ప్రసంగ పాఠంలో అంబేద్కర్ డ్యూయీని తన గురువుగా పేర్కొని ఋణం ప్రకటించుకున్నారు. 1952 జూన్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇవ్వడానికి పిలిచినప్పుడు, ఆ ప్రయాణంలో గురువును కలుసుకోవచ్చునని ఆయన ఆశించారు. జూన్ 1వ తేదీన డ్యూయీ మరణించాడు. తన మేధాజీవితమంతా ఆ గురువు పెట్టిన భిక్షయేనన్న అర్థం వచ్చేటట్లు ఆయన భార్యకు ఉత్తరం వ్రాశారు. అప్పటికి ఆయన భారత రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి, 61 సంవత్సరాల పెద్ద. అయినా ఆ ఉత్తరంలో మాట్లాడినది విద్యార్థియే.

అన్నిటి కంటె ముఖ్యమైనదిగా నాకు తోచేది మరొక తరగతి. 1916 మే 9వ తేదీన అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర గోష్ఠిలో అంబేద్కర్ భారతదేశంలోని కులాలను గురించి ఒక పత్రం చదివారు. కులానికి మూలం స్వకుల వివాహ నియమంలో ఉన్నదనీ, ఒక వర్గం తలుపులు మూసుకొనగా మిగిలిన వర్గాలు అనుకరించాయనీ ఆయన వాదించారు. ఆ పత్రం మరుసటి సంవత్సరం ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో అచ్చయింది. నేటికీ సమాజశాస్త్ర విద్యార్థులు దానిని చదువుతారు. ఆయన తీసుకున్న 60 తరగతులలో మానవశాస్త్రానివి నాలుగే. ఆ నాలుగింటిలో నుండి ఆ పత్రం పుట్టింది. తన పట్టాకు అది అవసరమా అని లెక్కవేసుకొని ఉంటే ఆయన ఆ గదిలోకి అడుగు పెట్టేవారు కాదు.

తరగతుల వెలుపల జరిగినది కూడా తక్కువ కాదు. లివింగ్‌స్టన్ వసతిగృహంలో నావల్ భథేనా అనే పారశీక యువకుడు ఆయనకు స్నేహితుడైనాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. ఒకే బల్ల వద్ద అందరితో కూర్చొని భోజనం చేయడం, ఎవరూ తన కులం అడగకపోవడం ఆయనకు కొత్త అనుభవం. న్యూయార్క్ నుండి తండ్రిగారి మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో మగపిల్లల చదువుతో పాటు ఆడపిల్లల చదువు కూడా సాగితేనే మన అభ్యున్నతి వేగవంతమవుతుందని ఆయన వ్రాశారు. అంటే వెళ్ళిన కొద్ది కాలానికే ఆయన చూపు తిరిగి ఇంటివైపే మళ్ళింది.

1916లో ఆయన లండన్ వెళ్ళారు. వేతనపు గడువు ముగియడం వలన 1917లో చదువు మధ్యలోనే తిరిగి రావలసి వచ్చింది. ఎంతో కష్టపడి కూడబెట్టుకున్న పుస్తకాల పెట్టెలు వేరొక నౌకలో వస్తూ జర్మన్ జలాంతర్గామి దాడికి గురై సముద్రం పాలయ్యాయి. బరోడాలో ఉద్యోగంలో చేరితే ఆ నగరంలో ఆయనకు అద్దెకు గది ఇచ్చేవారు లేకపోయారు. పారశీక సత్రంలో పారశీక పేరుతో తలదాచుకొనగా, పదకొండవ రోజున కర్రలు పట్టుకొని వచ్చిన మనుషులు వెళ్ళగొట్టారు. కొలంబియాలో చదివిన విద్వాంసుడు ఒక చెట్టు క్రింద కూర్చొని కన్నీరు కార్చవలసి వచ్చింది. విదేశీ విద్య ఆయన కష్టాలను తీర్చలేదు. ఆ కష్టాలు దైవనిర్ణయాలు కావనీ, మనుషులు కల్పించినవనీ, మనుషులే వాటిని తొలగించగలరనీ నిరూపించే సామగ్రిని మాత్రం ఇచ్చింది. పుస్తకాలు మునిగినా తరగతులు మునగలేదు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరిలో ఆయనకు గౌరవ పట్టం ప్రదానం చేసిందన్న విషయం మన నగరవాసులు గర్వంగా జ్ఞాపకం ఉంచుకోదగినది.

మూడవ ఉదాహరణ డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్ గారిది. ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. పదేళ్ళ వయస్సులో తండ్రి గతించగా కుటుంబం తమ స్వస్థలమైన కాయంగంజ్‌కు తరలిపోయింది. ఇటావాలో, అలీగఢ్‌లో చదువు సాగింది. 1920లో సహాయ నిరాకరణ పిలుపు విని ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను విడిచి, జామియా మిల్లియా స్థాపనలో పాలు పంచుకున్నారు. 1922లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1926లో భారతదేశపు వ్యవసాయ వ్యవస్థను గురించిన పరిశోధనకు డాక్టరేటు పొందారు.

అర్థశాస్త్ర విద్యార్థికి ఆనాటి జర్మనీ కంటె భయంకరమైన పాఠశాల దొరకదు. 1923 నవంబరు నాటికి ఒక్క అమెరికన్ డాలరు కొనడానికి 4.2 లక్షల కోట్ల మార్కులు కావలసి వచ్చింది. జీవితమంతా పొదుపు చేసిన వృద్ధుల సొమ్ము రొట్టెముక్కకు కూడా చాలకపోవడం ఆయన కళ్ళముందే జరిగింది. ద్రవ్యోల్బణమనే మాటకు అర్థం ఆయన పుస్తకంలో చదివి తెలుసుకోనవసరం లేకపోయింది. అయినప్పటికీ ఆయన మనస్సును పట్టినవి విద్యాశాస్త్ర భావనలు. చేతిపని ద్వారా బుద్ధి వికసిస్తుందని బోధించిన కెర్షెన్‌స్టైనర్ రచనలు, సంస్కృతికీ విద్యకూ గల సంబంధాన్ని గురించి స్ప్రాంగర్ చెప్పిన విషయాలు ఆయన ఆలోచనలకు పునాదులైనాయి. ఇవి ఆయన పట్టాకు సంబంధించినవి కావు. అయినా 1937లో గాంధీజీ వార్ధాలో మౌలిక విద్యా ప్రణాళికను రూపొందించే సంఘానికి అధ్యక్షుని కోసం చూసినప్పుడు, ఆ బాధ్యత జాకిర్ హుస్సేన్ గారికే అప్పగించబడింది. అర్థశాస్త్రం పట్టా ఇచ్చింది. పక్కదారిలో చదివిన విద్యాశాస్త్రం జీవితకార్యం ఇచ్చింది.

బెర్లిన్‌లో ఆయన మరొక తరగతి తానే ఏర్పాటు చేసుకున్నారు. అది అచ్చు యంత్రశాల. మీర్జా గాలిబ్ దీవానును అందంగా, జేబులో పట్టే పరిమాణంలో అచ్చు వేయించాలని ఆయన కోరిక. కావియానీ ముద్రణాలయంలో పనివారి కొరత ఏర్పడినప్పుడు తానే నిలబడి అక్షరాలు కూర్చారు. ఆ ప్రతి 1925లో వెలువడింది. ఉర్దూ భాషకు వేల మైళ్ళ దూరంలో, విద్యార్థి చేతివ్రేళ్ళకు సిరా అంటగా తయారైన ఆ చిన్న పుస్తకం ఉర్దూ ముద్రణ చరిత్రలో నేటికీ ముచ్చటగా చెప్పుకోబడుతున్నది. అంతకు ముందే 1924లో గాంధీజీ సందేశాన్ని గురించి ఒక జర్మన్ మిత్రునితో కలిసి జర్మన్ భాషలో పుస్తకం ప్రకటించారు. అనగా ఆయన జర్మనీ నుండి తీసుకోవడమే కాక, జర్మనీకి ఇచ్చారు కూడా.

1925 ప్రాంతంలో జామియా మూతపడే పరిస్థితి ఏర్పడింది. ఆనాడు బెర్లిన్‌లో ఉన్న జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ అనే ముగ్గురు యువకులు తాము వస్తున్నామని, వచ్చేదాకా సంస్థను మూయవద్దని వర్తమానం పంపారు. 1926లో వచ్చారు. 29 సంవత్సరాల వయస్సులో జాకిర్ హుస్సేన్ గారు ఉపకులపతి బాధ్యత స్వీకరించారు. తరువాత ఆయన, సహచరులు ఇరవై సంవత్సరాల పాటు నెలకు 150 రూపాయలకు మించని జీతంతో సేవ చేయడానికి ప్రతిజ్ఞ చేశారు. వారి స్నేహితురాలైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ కూడా జామియాకు వచ్చి, చిన్నపిల్లలకు "ఆపాజాన్" అయి, 1943లో ఢిల్లీలోనే కన్నుమూసింది. 1967లో భారత రాష్ట్రపతి అయిన మనిషి విద్యార్థి దశలో సంపాదించిన స్నేహాలు ఇట్టివి.

ఈ మూడు జీవితాలను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే కొన్ని విషయాలు తేటతెల్లమవుతాయి. మొదటిది, వారికి మేలు చేసిన తరగతి తరచుగా వారి పట్టాకు వెలుపల ఉన్నది. రెండవది, వారు ఇక్కడి నుండి ఒక ప్రశ్నను వెంట తీసుకొని వెళ్ళారు. అంబేద్కర్ కులాన్ని గురించిన ప్రశ్నతో వెళ్ళారు. జాకిర్ హుస్సేన్ స్వతంత్రమైన జాతీయ విద్య ఎట్లు ఉండాలన్న ప్రశ్నతో వెళ్ళారు. ప్రశ్న లేకుండా వెళ్ళినవానికి ఎంత గొప్ప విశ్వవిద్యాలయమైనా సమాధానం ఇవ్వలేదు. మూడవది, వారు తమ భాషను, తమ వారిని మరచిపోలేదు. అట్లని తమ వారి మధ్యనే ముడుచుకొని కూర్చోలేదు.

ఇందుకు కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. వారు మహానుభావులు, వారితో మనకు పోలిక ఏమిటి అనవచ్చు. నేటి విద్యార్థి బ్యాంకు అప్పుతో వెళ్తున్నాడు, తరగతి ముగిసిన వెంటనే ఏదో ఒక పనికి పరుగెత్తవలసి ఉన్నది, గోష్ఠులకు, గాలిబ్‌కు తీరిక ఎక్కడిది అనవచ్చు. ఈ వాదంలో సత్యం ఉన్నది. అప్పు భారాన్ని తేలికగా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే పైన చెప్పిన వారు కూడా సంపన్నులు కారు. అంబేద్కర్ షరతులతో కూడిన వేతనం మీద, పరిమితమైన గడువులో, సరిగా భోజనం కూడా చేయకుండా చదివారు. తీరిక ఉన్నందువలన ఆయన 60 తరగతులకు వెళ్ళలేదు. మళ్ళీ ఇట్టి అవకాశం రాదని తెలిసినందువలన వెళ్ళారు. నేటి విద్యార్థి 60 తరగతులకు వెళ్ళనవసరం లేదు. రెండేళ్ళలో తన శాస్త్రానికి వెలుపల ఒక్క తరగతికి వెళ్ళినా చాలు.

పది విద్యలు ముట్టుకుంటే ఏ విద్యా రాదన్నది రెండవ అభ్యంతరం. ఇదీ ఆలోచించవలసినదే. కాని అంబేద్కర్ లెక్కలోనే దీనికి సమాధానం ఉన్నది. 29 తరగతులు మూలశాస్త్రంలో చదువుతూనే ఆయన ఇతర శాస్త్రాల వైపు చూపు సారించారు. రూపాయి సమస్యను గురించి ఆయన వ్రాసిన గ్రంథం లండన్‌లో 1923లో డాక్టరేటు సంపాదించింది. ఇరుగుపొరుగు శాస్త్రాలు ఆయన అర్థశాస్త్రాన్ని పలుచన చేయలేదు. దానికి మనుషులను చూపించాయి.

విదేశాలన్నీ స్వర్గాలనే భ్రమ కూడా మనకు వద్దు. అంబేద్కర్‌కు సమానత్వపు రుచి చూపించిన అమెరికాయే ఆ రోజులలో తన నల్లజాతి పౌరులకు దానిని నిరాకరించింది. ఆ సంగతి ఆయన మరచిపోలేదు; 1946లో నల్లజాతి విద్వాంసుడు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్‌కు ఉత్తరం వ్రాసి ఇరువురి సమస్యల సామ్యాన్ని ప్రస్తావించారు. జాకిర్ హుస్సేన్‌కు విద్య నేర్పిన జర్మనీ 1933 తరువాత యూదులకు నరకమయింది. కనుక విదేశంలో దొరికే మంచి తరగతి ఆ దేశపు సొత్తు కాదు. అది ఆ గదిలోని గురువు, శిష్యుడు కలిసి నిర్మించుకున్నది. అట్టి గదిని ఇక్కడ కూడా నిర్మించుకోవచ్చు.

అందుచేతనే ఈ విషయం మన కళాశాలకు సంబంధించినదని నేను భావిస్తున్నాను. విదేశానికి వెళ్ళి కొత్త తరగతి గదిలో అడుగు పెట్టే ధైర్యం విమానం ఎక్కిన తరువాత పుట్టదు. అది ఇక్కడే, ఈ వరండాలలోనే అలవడాలి. మన టైంటేబుల్ వాణిజ్యశాస్త్ర విద్యార్థిని చరిత్ర గదిలోకి తొంగి చూడనివ్వదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థి సాహిత్యోపన్యాసం వింటే కాలం వృథా చేస్తున్నాడని అతని ఇంట్లోవారే అంటారు. ఇట్లు పెరిగిన విద్యార్థిని అమెరికాకు పంపి, అక్కడ అతడు తన వారితోనే గది పంచుకొని, తన విషయమే చదివి, తిరిగి ఉద్యోగపు ఉత్తరం మాత్రమే చూపితే తప్పు అతనిది మాత్రమే కాదు.

కార్యవర్గ సభ్యులైన పెద్దలకు నేను సవినయంగా మూడు సూచనలు చేస్తున్నాను. వారానికి ఒక పీరియడు ఏ విద్యార్థి అయినా తనకు నచ్చిన మరొక శాఖ తరగతికి హాజరయ్యే వీలు కల్పించాలి. దానికి పరీక్ష వద్దు, మార్కులు వద్దు. రెండవది, మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషలు ఒకే కప్పు క్రింద ఉన్నాయి. అయినా ఒక భాష విద్యార్థి రెండవ భాష లిపిని కూడా చదవలేకుండా మూడేళ్ళు గడిపి వెళ్ళిపోవడం విచారకరం. తెలుగు విద్యార్థి అలిఫ్, బే నేర్చుకోవాలి. ఉర్దూ విద్యార్థి అఆలు దిద్దాలి. పక్క బల్ల మీది మిత్రుని లిపి నేర్చుకున్నవానికి పరదేశం అంత భయపెట్టదు. మూడవది, మన నగరంలోని విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థులను సంవత్సరానికి ఒకసారైనా మన కళాశాలకు ఆహ్వానించాలి. స్వతంత్ర భారతపు మొదటి విద్యామంత్రి మౌలానా ఆజాద్ 1950లో సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించినది ఇట్టి రాకపోకల కోసమే. ఆ మండలి వేతనాలతో ఎందరో ఈ దేశంలో చదివారు. అఫ్గానిస్థాన్ మాజీ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ సిమ్లాలో చదువుకొని వెళ్ళినవారే. మన వీధులలో అద్దె గది కోసం తిరిగే ఆఫ్రికా విద్యార్థికి, అరబ్బు విద్యార్థికి ఏ ముఖం చూపిస్తున్నామో ఆత్మపరిశీలన చేసుకోవాలి. 1917లో బరోడా నగరం అంబేద్కర్‌కు చూపిన ముఖం మనది కాకూడదు.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు గోడలు ఎత్తు చేసుకోవడానికి ఇచ్చినది కాదు; మన పిల్లలు ఆత్మగౌరవంతో నిలబడి లోకాన్ని చూడగలిగేటట్లు కిటికీలు కట్టుకోవడానికి ఇచ్చినది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో కొందరు వచ్చే సంవత్సరం ఈపాటికి పరదేశంలో ఉంటారు. వెళ్ళేముందు మీ ప్రశ్న ఏమిటో నిర్ణయించుకొని వెళ్ళండి. వెళ్ళిన తరువాత మీ పట్టాకు అవసరం లేని ఒక్క తరగతిలో, వెనుక బల్ల మీదనైనా కూర్చోండి. మీ భాష తెలియని ఒక్కరితో స్నేహం చేయండి. మీకు నచ్చిన ఆ తరగతిని గురించి ఒక పుట వ్రాసి ఈ పత్రికకు పంపండి. రాబోయే సంచికలో అట్టి లేఖలకు నాలుగు పుటలు కేటాయించవలసిందిగా సంపాదక వర్గాన్ని ఇప్పుడే కోరుతున్నాను. రెండు పుటలు ఉర్దూలో, రెండు పుటలు తెలుగులో.